ముందు వెనక్కి తిప్పి చూడండి

వేలం కేటలాగ్‌లో ఫొటో లాటు (అంటే పాటకు పెట్టిన వస్తువు) కనబడగానే కళ్లు బొమ్మ మీద పడతాయి. ఉత్తరమైతే నేరుగా కిందికి, సంతకం దగ్గరికి పోతాయి. నిజానికి ఆ బొమ్మను ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఆ ఉత్తరంలోని మాటలు ఏ జీవితచరిత్రలోనో అచ్చయ్యే ఉంటాయి. డబ్బు పెట్టేది కాగితానికి. అది ఎప్పటి కాగితం, దాని మీద రంగో సిరానో ఎప్పుడు పడింది, ఎవరి చేతుల మీదుగా ఇక్కడిదాకా వచ్చింది అనే ప్రశ్నలకు జవాబులు చాలావరకు వెనకవైపే దొరుకుతాయి. అందుకే ఏ లాటుకైనా అడిగి తెప్పించుకోవాల్సిన మొదటి ఫొటో దాని వీపుది.

ముందు ఆర్ట్ ఫొటోల సంగతి. నెగటివో డిజిటల్ ఫైలో ఉంటే ప్రింట్లు ఎన్నైనా తీయొచ్చు. ఇన్నే తీస్తానని కళాకారుడు ఇచ్చే మాట మీదే ఈ వ్యాపారమంతా నిలబడింది. ఆ మాటకు పేరు ఎడిషన్. ఆండ్రియాస్ గుర్‌స్కీ 'రైన్ 2' ఎడిషన్‌లో ఆరే ప్రింట్లు. అందులో ఒకటి 2011 నవంబరులో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. అదే ఏడాది మేలో సిండీ షెర్మన్ 'అన్‌టైటిల్డ్ 96' సుమారు 39 లక్షలకు వెళ్లింది, దాని ఎడిషన్ పది. 2005లో పది లక్షల డాలర్ల గీత దాటిన రిచర్డ్ ప్రిన్స్ కౌబాయ్ ఫొటోకైతే ఎడిషన్ రెండే.

3/10 అని రాసి ఉంటే పదిలో మూడోది అని. ఒకటో నంబరుకు ప్రత్యేక విలువ ఉంటుందనుకోవడం వాడేకొద్దీ అరిగే రాగి పలకలతో బొమ్మలు అచ్చేసిన కాలంనాటి అలవాటు. ఫొటోలో మూడోదీ తొమ్మిదోదీ ఒకే నాణ్యత. పైగా కొందరు పది ప్రింట్లూ ఒకేసారి తీయరు, అమ్ముడయ్యేకొద్దీ తీస్తారు. నంబరుకన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ఎడిషన్ బయట ఆర్టిస్ట్ ప్రూఫులు, అంటే కళాకారుడు తనకని ఉంచుకునే ప్రింట్లు ఎన్ని? ప్రింటు వేసినవాళ్లకిచ్చే ప్రింటర్ ప్రూఫులు ఉన్నాయా? ప్రదర్శనకని తీసిన కాపీని ప్రదర్శన అయ్యాక నాశనం చేశారా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఇదే బొమ్మకు ఇంకో సైజులో ఇంకో ఎడిషన్ ఉందా? హిరోషీ సుగిమోతో సముద్ర దృశ్యాలనే తీసుకోండి. చిన్న సైజుకు 25, పెద్ద సైజుకు 5. ఈ రెండింటి ధరలనూ కలిపి సగటు తీసి పాట పాడితే తప్పు లెక్కతో పాడినట్టే.

ఎడిషన్ మాటకు చట్టం ఎంతవరకు కాపలా కాస్తుందో అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగుల్‌స్టన్ వ్యవహారం చూపించింది. ఆయన పాత ఫొటోలను 2012 మార్చిలో పెద్ద సైజు డిజిటల్ పిగ్మెంట్ (రంగుపొడి సిరా) ప్రింట్లుగా వేలం వేస్తే 36 ప్రింట్లకు 59 లక్షల డాలర్లు వచ్చాయి. అవే బొమ్మల పాత డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు (రంగులను ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించే పద్ధతివి) దాచుకున్న ఒక సేకర్త, తన వాటి విలువ పడిపోతుందని కోర్టుకెక్కాడు. 2013లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆ దావాను కొట్టేసింది: సైజు వేరు, ప్రింటింగ్ పద్ధతి వేరు, కాబట్టి ఇది కొత్త ఎడిషనేనంది. తీర్పు సంగతి పక్కన పెడితే, చేతిలో డై ట్రాన్స్‌ఫర్ ప్రింటు ఉన్నవాళ్లు మరీ కుంగిపోవాల్సిన పని లేదు. ఆ పద్ధతికి కావాల్సిన సామగ్రి తయారీని కోడాక్ 1994లోనే ఆపేసింది. పిగ్మెంట్ ప్రింట్లు ఎన్ని వచ్చినా అవి వీటికి పోటీ కావు.

ఎన్ని ప్రింట్లు ఉంటే 'పరిమితం' అనొచ్చు? యూరోపియన్ యూనియన్ విలువ ఆధారిత పన్ను నిబంధనల్లో ఒక స్పష్టమైన గీత ఉంది. ఫొటోను కళాఖండంగా లెక్కించాలంటే కళాకారుడే తీసి ఉండాలి, ఆయనే లేదా ఆయన పర్యవేక్షణలో ప్రింటు చేసి ఉండాలి, సంతకం, నంబరు ఉండాలి, అన్ని సైజులూ అన్ని మౌంట్లూ కలిపి 30 మించకూడదు. పన్ను కోసం రాసిన నిబంధనే అయినా కొనేవాళ్లకు ఇంతకన్నా మంచి కొలబద్ద కనబడదు. ఎడిషన్ 250 అని ఉన్నదాన్ని ముచ్చటపడి గోడకు తగిలించుకోండి, వద్దనడం లేదు. ముందుముందు ధర పెరుగుతుందని మాత్రం కొనొద్దు.

ఇక కాగితం. వేలానికొచ్చే పెద్ద సైజు రంగుల ఫొటోల్లో చాలా సీ-ప్రింట్లు, అంటే కాగితం మీద వెలుతురుకు స్పందించే పూతలో (ఎమల్షన్‌లో) రంగు పుట్టే రసాయన ప్రింట్లు. ఆ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. చీకట్లో పెట్టినా నెమ్మదిగా మారతాయి, ముఖ్యంగా వేడి ఉన్నచోట. మూడు రంగుపొరలూ ఒకే వేగంతో వెలవవు కాబట్టి బొమ్మ మొత్తం గులాబీ వైపుకో నీలం వైపుకో ఒరుగుతుంది, తెల్లటి చోట్లు పసుపెక్కుతాయి. ఇది కేటలాగ్ ఫొటోలో తెలియదు, ఎందుకంటే ఫొటో తీసేవాళ్లు రంగు సరిచేసి పెడతారు. ఫ్రేములోంచి ప్రింటు బయటికి తీయించి, మౌంటు (చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిన అంచునూ బయట వెలుతురు తగిలిన భాగాన్నీ పక్కపక్కన చూపమనండి. రెండూ ఒకేలా ఉంటే సరే. అంచు తాజాగా, నడిమి పాలిపోయి ఉంటే ఆ తేడాయే దాని ఆరోగ్య నివేదిక.

లూపుతో (చిన్న భూతద్దంతో) చూస్తే సీ-ప్రింటులో రంగు మబ్బులా ఒకదాంట్లోకి ఒకటి కరిగి ఉంటుంది. ఇంక్‌జెట్ పిగ్మెంట్ ప్రింటులో సన్నటి చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. పిగ్మెంట్ ప్రింటు వెలుతురుకు బాగా ఓర్చుకుంటుంది, కానీ పైపొర బహు సున్నితం. పైన పెట్టిన కాగితం ఒక్కసారి జారినా నల్లటి చోట గీత పడుతుంది, ఆ గీత పోదు. పాతకాలపు ప్రింటు అని అమ్ముతున్న నలుపు-తెలుపు ఫొటో ప్లాస్టిక్ పూత కాగితం మీద ఉంటే అనుమానించండి. ఆ కాగితం 1960ల చివరి నుంచే వచ్చింది. 1955లో తీసిన ఫొటో కావచ్చు, 1955లో వేసిన ప్రింటు మాత్రం కాదు. కేటలాగ్‌లో రెండు తేదీలు ఉంటే మొదటిది తీసిన సంవత్సరం, రెండోది ప్రింటు వేసిన సంవత్సరం. ధర నిర్ణయించేది రెండోదే.

డయాసెక్ గురించి విడిగా చెప్పుకోవాలి. ప్రింటు ముఖాన్ని సిలికోన్‌తో అక్రిలిక్ పలకకు శాశ్వతంగా అతికించే పద్ధతి ఇది. రంగులు తడితడిగా మెరుస్తాయి, అందుకే జర్మన్ ఫొటోగ్రాఫర్లకు అంత ఇష్టం. కానీ అతికించాక విడదీయడం కుదరదు. పలక మీద గీత పడితే అది ప్రింటు మీద పడినట్టే. మూల చిట్లితే మార్చడానికి వీల్లేదు. బబుల్ షీటు నేరుగా చుట్టి పంపితే ఆ బుడగల గుర్తులు పలక మీద మిగిలిపోతాయి. తుడవడానికి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు; అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగిలిందా, అక్రిలిక్ మసకబారుతుంది. కొందరు కళాకారుల స్టూడియోలు దెబ్బతిన్న ప్రింటును వెనక్కి తీసుకుని, దాన్ని నాశనం చేసి, అదే నంబరుతో కొత్తది వేసిస్తాయి. కొన్ని ససేమిరా అంటాయి. ఈ కబురు పాటకు ముందే కనుక్కోవాలి, తర్వాత కాదు.

పెద్ద ప్రింట్లకు సాధారణంగా సంతకం బొమ్మ మీద ఉండదు. వెనక పలక మీద అతికించిన లేబుల్ మీదో, విడిగా ఇచ్చే సర్టిఫికెట్ మీదో ఉంటుంది. ఎవరో ఫ్రేము మార్పించి పాత వెనకపలకను చెత్తబుట్టలో వేశారనుకోండి, ప్రింటు అసలుదే అయినా సంతకం లేనిదై కూర్చుంటుంది. గ్యాలరీ స్టాక్ నంబరు, ప్రదర్శన లేబుళ్లు, కస్టమ్స్ ముద్రలు అన్నీ ఆ పలక మీదే. ఫ్రేము మార్చినా ఆ పలకనో, కనీసం ఆ లేబుళ్లనో జాగ్రత్తగా తీసి ప్రింటుతో పాటే ఉంచాలి.

ఫొటోనూ ఉత్తరాన్నీ ఒకే దీపంతో పరీక్షించవచ్చు. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి అది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే బ్రైటెనర్లు 1950ల నుంచే విరివిగా వాడుకలోకి వచ్చాయి. ఆ దీపం కింద అవి నీలంగా వెలుగుతాయి. 1940లో చనిపోయిన ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ సంతకం ఉన్న ప్రింట్లు కొన్ని 1990ల చివర్లో ఇలాగే వెలిగి అమెరికా ఫొటో మార్కెట్టును కుదిపేశాయి. 1983లో బయటపడ్డ నకిలీ హిట్లర్ డైరీల గుట్టు విప్పిన ఆధారాల్లో ఒకటి ఇదే. చేతిరాత నిపుణులు సరేనన్నా, కాగితంలోని బ్రైటెనర్ హిట్లర్ చనిపోయాక వచ్చినది. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఈ పరీక్ష ఒకవైపే కోస్తుంది. పాత తేదీ కాగితం వెలిగితే అబద్ధం బయటపడ్డట్టే. వెలగకపోతే మాత్రం ఏమీ రుజువైనట్టు కాదు, ఎందుకంటే పాత పుస్తకాల ఖాళీ పేజీలు చించి వాడే ఫోర్జరీగాళ్లకు పాత కాగితానికి కొదవ లేదు.

ఉత్తరాల కేటలాగ్‌లో రెండుమూడక్షరాల పొట్టి గుర్తులు ఉంటాయి. ఏఎల్ఎస్ అంటే మొత్తం సొంత దస్తూరితో రాసి సంతకం చేసింది. ఎల్ఎస్ అంటే వేరొకరు రాస్తే కింద సంతకం మాత్రం చేసింది. టీఎల్ఎస్ అంటే టైపు చేసిన ఉత్తరం మీద సంతకం. ఒకే మనిషికి ఈ మూడింటి మధ్య ధర చాలా మారుతుంది. అంతకన్నా ఎక్కువగా ధరను మార్చేది ఉత్తరంలోని విషయం. శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ 1953 మార్చిలో, డీఎన్ఏ నిర్మాణం ఇంకా ప్రచురణ కాకముందే, హాస్టల్లో ఉన్న పన్నెండేళ్ల కొడుక్కి దాన్ని బొమ్మ గీసి వివరిస్తూ ఏడు పేజీల ఉత్తరం రాశాడు. అది 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో 60 లక్షల డాలర్లు దాటింది. దేవుడి గురించి ఐన్‌స్టైన్ 1954లో రాసిన ఉత్తరం 2008లో లండన్‌లో 1,70,000 పౌండ్లకు, 2018 డిసెంబరులో న్యూయార్క్‌లో 28.9 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 'మీ అభిమానానికి ధన్యవాదాలు' అని అదే పెద్దమనిషి రాసిన చీటీకి ఇందులో ఆవగింజంత కూడా రాదు. తన వృత్తి గురించి, తన సమకాలికుల గురించి, తన సందేహాల గురించి రాసిన పది వాక్యాలు మర్యాద మాటల నాలుగు పేజీలకన్నా మేలు.

సెలబ్రిటీ సంతకాల్లో అచ్చమైన మోసంకన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇంకొకరు చేసిన సంతకం. ఇందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. బీటిల్స్ సంగీత బృందం జోరు మీదున్న రోజుల్లో వాళ్ల వెంట తిరిగే నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ నలుగురి తరఫునా సంతకాలు చేసేవారు. సినిమా నటి జీన్ హార్లో అభిమానులకు వెళ్లిన సంతకాలు చాలావరకు వాళ్లమ్మవి. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి సెక్రటరీలూ ఉన్నారు, సంతకాన్ని నకలు చేసే ఆటోపెన్ యంత్రమూ ఉంది. ఆటోపెన్‌ను పట్టుకోవడం తేలిక: గీత మందం మొదటి నుంచి చివరిదాకా ఒకటే, కలం ఆనిన చోటా లేచిన చోటా చుక్క పడుతుంది, సాఫీగా సాగాల్సిన వంపులో సన్నటి వణుకు. అన్నిటికన్నా గట్టి రుజువు, ఇంకో సంతకం మీద పెడితే గీతకు గీత సరిపోవడం. మనిషి తన సంతకాన్ని రెండుసార్లు అచ్చు గుద్దినట్టు చేయలేడు.

ఫోర్జరీని పట్టుకోవాలంటే అక్షరాల ఆకారంకన్నా ముందు సిరా ప్రవర్తన చూడాలి. పది రెట్ల లూపు, పక్కనుంచి పడే దీపం చాలు. మడత దాటుతున్న అక్షరాన్ని వెతకండి. ఉత్తరం రాశాక మడిచి ఉంటే గీత మడత దగ్గర చిట్లుతుంది. మడిచిన పాత కాగితం మీద ఇప్పుడు రాసి ఉంటే, పగిలిన నారలోకి సిరా ఇంకి పక్కకు పాకుతుంది. బాల్‌పెన్ను కాగితంలో గాడి చేస్తుంది. సిరా ఉన్నా గాడి లేకపోతే అది అచ్చు వేసింది కావచ్చు. గాడి ఉండి దాని పక్కన సిరా నడిస్తే ఎవరో దిద్దినట్టు. కాలం లెక్కలు కూడా వేసుకోండి. అమెరికాలో బాల్‌పెన్ను అంగళ్లలోకి వచ్చింది 1945 అక్టోబరులో. మన పిన్‌కోడ్ లాంటి అక్కడి జిప్ కోడ్ మొదలైంది 1963 జులైలో. లెటర్‌హెడ్ మీద జిప్ కోడ్ ఉండి ఉత్తరం తేదీ 1958 అయితే ఇక చేతిరాత చూడాల్సిన పని లేదు. కవరు ఉంటే తపాలా ముద్ర తేదీ, కవరు కొలతకు ఉత్తరం మడతలు సరిపోతున్నాయో లేదో చూడండి.

ఇన్ని చూసినా మోసపోవచ్చు. అమెరికన్ ఫోర్జరీగాడు మార్క్ హాఫ్‌మన్ సిరాను రసాయనాలతో ముదురుపరిచి ఏళ్ల తరబడి నిపుణులనే బోల్తా కొట్టించాడు. చివరికి అతని సిరా మైక్రోస్కోపు కింద మొసలి చర్మంలా బీటలు వారి కనిపించడంతో ఆ ఫోర్జరీలు బయటపడ్డాయి. అతను జైల్లో ఉండగానే, కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ పేరుతో అతను సృష్టించిన పద్యమొకటి 1997లో 21,000 డాలర్లకు వేలంలో అమ్ముడై, నకిలీదని తేలాక డబ్బు వాపసయింది. అమెరికన్ రచయిత్రి లీ ఇజ్రాయెల్ పాత టైపురైటర్లు పోగేసి రచయితలు డొరొతీ పార్కర్, నోయెల్ కవర్డ్‌ల పేర్ల మీద నాలుగు వందల దాకా ఉత్తరాలు తయారుచేసింది. టైపు ఉత్తరంలో పోల్చి చూడ్డానికి చేతిరాత అంటే సంతకం ఒక్కటే, అందుకే ఫోర్జరీ చేసేవాళ్లకు అదంటే అంత మక్కువ. అదే డబ్బుకు టైపు చేసిన రెండు పేజీలు, చేత్తో రాసిన అరపేజీ దొరుకుతుంటే అరపేజీ వైపే మొగ్గండి.

అమ్మేవాడే రాసి ఇచ్చే సర్టిఫికెట్‌కు కాగితం ఖరీదు మించి విలువ లేదు. బయటి నిపుణుడిదైతే అది ఒక అభిప్రాయం. అసలైన బలం వంశచరిత్ర లాంటి యాజమాన్య చరిత్రలో ఉంది: ఉత్తరం ఎవరికి రాశారో వాళ్ల ఇంటి నుంచే నేరుగా వేలానికి రావడం అన్నిటికన్నా మంచిది. క్రిక్ ఉత్తరాన్ని అమ్మింది అది అందుకున్న కొడుకే. దీనికి వ్యతిరేక దిశలో, వెనక ఏదో లైబ్రరీ ముద్ర గీకేసిన జాడ, పెన్సిల్ నంబరు చెరిపిన మరక, మూల కత్తిరించిన ఆనవాలు ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. 2011 జులైలో మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో ఇద్దరు పట్టుబడితే వాళ్ల దగ్గర అనేక ఆర్కైవుల నుంచి ఎత్తుకొచ్చిన పత్రాలు వేలల్లో దొరికాయి. దొంగసొత్తు మంచి మనసుతో కొన్నా మీది కాదు.

ఉత్తరాల్లో పెట్టుబడి, ఏటా ఇంత శాతం అని ఎవరైనా వస్తే ఆరిస్టోఫిల్ పేరు గుర్తు చేయండి. చేతిరాత పత్రాల్లో వాటాలు అమ్మిన ఆ ఫ్రెంచి సంస్థ 2015లో కూలింది, సుమారు 18,000 మంది డబ్బు ఇరుక్కుంది. 2017 డిసెంబరు నుంచి ఆ నిల్వంతా పారిస్‌లో విడతలవారీగా వేలానికి వచ్చింది.

వేలం నియమావళిలో చదవాల్సినవి మూడు చోట్లు. అసలుదన్న హామీ ఎన్నాళ్లు? పెద్ద సంస్థల్లో సాధారణంగా ఐదేళ్లు, చిన్నచోట్ల నెలల్లోనే ముగుస్తుంది. ఆ హామీ దేనికి? చాలాచోట్ల శీర్షికలో పెద్దక్షరాల్లో ఉన్నదానికే, కింది వర్ణనకు కాదు. మాటలు ఎలా వాడారు? 'సంతకం చేసినది' అనడం వేరు, 'సంతకం కలిగి ఉంది' అనడం వేరు. రెండోదానికి అర్థం, అది ఇంకొకరి చేతిదని మా అనుమానం అని.

ఇక లెక్క. సుత్తి పడిన ధర, అంటే పాట ఆగిన ధర, మీరు కట్టే ధర కాదు; క్రిక్ ఉత్తరానికి సుత్తి పడింది 53 లక్షల దగ్గర, మిగతాదంతా బయ్యర్స్ ప్రీమియం, అంటే వేలం సంస్థ కొన్నవాళ్ల దగ్గర అదనంగా తీసుకునే రుసుము. అందుకని పై నుంచి కిందికి లెక్కేయండి. జేబులో ఉన్నది 10,000 డాలర్లు అనుకుందాం. రవాణా, బీమా, దిగుమతి ఖర్చులకు 900 పక్కన పెడితే 9,100. ప్రీమియం 26 శాతం, ఆన్‌లైన్ వేదిక అదనంగా 5 శాతం, వెరసి 31. 9,100ను 1.31తో భాగిస్తే 6,946. ఈ మెట్టులో పాట సాధారణంగా 500 చొప్పున పెరుగుతుంది, కాబట్టి మీ ఆఖరి పాట 6,500. 7,000 పాడితే మొత్తం 10,070 అవుతుంది. డెబ్బై డాలర్లే కదా అనిపిస్తుంది. ఆ 'కదా' దగ్గరే చాలామంది మునుగుతారు, ఎందుకంటే 7,500 దగ్గరా అదే మాట అనుకుంటారు. అమ్మకపు పన్ను ఉన్నచోట అది కూడా ఇందులో కలపాలి. యూరప్‌లో, బ్రిటన్‌లో ఫొటోలకు కళాకారుడి పునర్విక్రయ హక్కు (తిరిగి అమ్మినప్పుడు కళాకారుడికి దక్కే వాటా) కింద సాధారణంగా 50,000 యూరోల దాకా, బ్రిటన్‌లోనైతే 50,000 పౌండ్ల దాకా 4 శాతం పడుతుంది, చట్టప్రకారం ఎవరు కట్టాలన్నది పక్కనుంచితే, చాలా సంస్థలు దాన్ని కొన్నవాళ్ల బిల్లులోనే వేస్తాయి.

ఆన్‌లైన్‌లో లైవ్‌గా పాడటంకన్నా ముందే గరిష్ఠ ధర రాసి ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. చెయ్యి ఆగుతుంది. ఇద్దరు ఒకే మొత్తం రాసిస్తే ముందు అందినదానికే దక్కుతుంది, కాబట్టి చివరి గంట దాకా ఆగొద్దు. ఇంకో సంగతి: అమ్మేవారి రిజర్వు ధర, అంటే అంతకు తగ్గితే అమ్మననే మొత్తం, చేరేదాకా వేలం నడిపేవాళ్లే అమ్మకందారు తరఫున పాట పెంచవచ్చు, నియమావళిలోనే ఆ మాట రాసి ఉంటుంది. ఎదురుగా పోటీదారు ఉన్నాడనుకుని ఉడికిపోవద్దు.

కొన్నాక మీ చేతికొచ్చేది కాగితమే, హక్కులు రావు. ఉత్తరంలోని వాక్యాలపై కాపీరైటు రాసినవారిది లేదా వారసులది. 1987లో నవలాకారుడు శాలింజర్ కేసులో అమెరికా కోర్టు ప్రచురణ కాని ఉత్తరాల విషయంలో ఇదే తేల్చింది. ఫొటో కూడా అంతే. గోడకు తగిలించుకోవచ్చు, పుస్తకం అట్ట మీద వేసుకోకూడదు.

దాచడంలో చేసే పాపాలు కొన్నే, కానీ పెద్దవి. లామినేషన్, సెల్లో టేపు, పీవీసీ కవర్లు మూడూ కాగితానికి శత్రువులు. ఉత్తరానికి పాలిస్టర్ కవరు, ఆమ్లరహిత ఫోల్డరు. రంగుల ఫొటోకు క్షారం కలపని కాగితం, ఫొటోకు హాని చేయదని తేల్చే ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ నెగ్గినది. తేమ 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండాలి. హెచ్చుతగ్గులే ఎక్కువ చెరుపు. తగిలిస్తే వెలుతురు 50 లక్సు చుట్టూ, అల్ట్రావయొలెట్ ఆపే అక్రిలిక్ వెనక. ప్రింటు ముఖం అద్దానికి తగలకూడదు, తగిలితే తేమకు అతుక్కుపోతుంది. స్కెచ్ పెన్నుతో చేసిన సంతకాన్ని అసలు గోడకే తగిలించొద్దు. ఆ రంగు ఎండకు కొన్ని నెలల్లోనే వెలుస్తుంది. మంచి నకలు తీసి దాన్ని తగిలించండి.

పెట్టె ఇంటికి రాగానే విప్పే తొందర వద్దు. ఒక రోజు గదిలో అలాగే ఉంచితే లోపలి చల్లదనం సర్దుకుంటుంది, చల్లటి పలక మీద తేమ పట్టదు. విప్పుతూ ప్రతి దశకూ ఫొటో తీయండి, ప్యాకింగ్ పారేయకండి, ఎందుకంటే బీమా కంపెనీ దెబ్బ ఎక్కడ తగిలిందో చూపమంటుంది, దానికిచ్చే గడువు రోజుల్లోనే ఉంటుంది. తర్వాత బొమ్మ చూడకముందే ప్రింటు తిప్పి, లేబుల్ మీద నంబరు, వేలం సంస్థ ఇచ్చిన కండిషన్ రిపోర్టులో (వస్తువు స్థితి నివేదికలో) నంబరు, బిల్లులో నంబరు మూడూ కలుస్తున్నాయో సరిచూసుకోండి.